తీగకి అవతలి మనిషి

పెద్దావిడకి కంట్లో పొర తీసి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ పొగమంచులోంచి చూసిన లోకం ఒక్కసారిగా కడిగి ఆరబెట్టినట్టు కనబడేసరికి, ఆవిడ కంటబడ్డ అక్షరాన్నల్లా చదివేస్తోంది. మందుసీసాల మీది చీటీలు, బస్సుల వెనక రాతలు, కూతురు తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం నుంచి తెచ్చే పాత పేపర్లు, ఏదీ వదలడం లేదు. అలా చదువుతూ చదువుతూ ఓ మధ్యాహ్నం, అద్దె ఇళ్ల ప్రకటనల కింద, నాలుగు వరసల చిన్న ప్రకటన దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

వేయించింది పాత రికార్డుల ఆఫీసువాళ్లు. యుద్ధంలో టెలిఫోన్ దళంతో తిరిగి ఫొటోలు తీసిన ఒకాయన పోయాక, ఆయన పిల్లలు అటక మీది రేకుపెట్టె దించి తమకి అప్పగించారట. అందులో నూట అరవై ఫొటోలున్నాయట. కొన్నింటి వెనక తేదీ ఉంది గానీ మనుషుల పేర్లు ఏ ఒక్కదానికీ లేవు. ఆ రోజుల్లో ఆ దళంలో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి వచ్చి, ఎవరు ఎవరో చెప్పమని అడిగారు.

ఆవిడ ఆ ముక్క చింపి నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది. మూడోనాడు భోజనాల దగ్గర, మంచినీళ్లు పోసుకుంటూ, బుధవారం నీకు సెలవు దొరుకుతుందా అని కూతుర్ని అడిగింది.

కూతురికి ఆశ్చర్యం వేసింది. అమ్మ యుద్ధంలో పనిచేసిందని తనకి తెలుసు. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "ఫోన్లు కలిపేదాన్నే" అని ఒక్క ముక్కతో సరిపెట్టేది. ఆ తర్వాత ముప్ఫై ఒక్కేళ్లు బడి ఆఫీసులో గుమాస్తాగిరీ చేసింది, పిల్లల పుట్టినతేదీలు నోటికి చెప్పేది, రిటైరైంది. ఇంట్లో వాళ్లకి తెలిసిన అమ్మ ఆ గుమాస్తా అమ్మే. పెళ్లికి ముందు బ్యాగులో సైన్యం వాళ్ల కంబళి ఒకటి పట్టుకొచ్చిన అమ్మాయి ఎవరో వాళ్లకి తెలీదు.

బుధవారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా పెద్దావిడ చేతిసంచీ తాడు వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది.

పాత రికార్డుల ఆఫీసులో ఫొటోల గది రెండో అంతస్తులో ఉంది. ఎండ తగలకుండా తెరలు దించేసి ఉన్నాయి. పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. ఆ గది చూసుకునే ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. చేతులకి నూలు తొడుగులు వేసుకుని, ఈ గదిలోకి పెన్నులు రానివ్వమండీ, పెన్సిలు ఒక్కటే అని ముందే నవ్వుతూ చెప్పింది. వచ్చినవాళ్లు ఇంతవరకూ ఏడుగురేననీ, అందులో నలుగురు తమ తాతలు ఉన్నారేమోనని వచ్చినవాళ్లనీ, స్వయంగా అక్కడ పనిచేసినవాళ్లు రావడం మీతోనే మొదలనీ చెప్పి కుర్చీ దగ్గరికి జరిపింది.

ఒక్కొక్క ఫొటో తీసి బల్ల మీద పెడుతుంటే పెద్దావిడ మొదట్లో పరీక్షకి కూర్చున్న పిల్లలా బిగుసుకుపోయి చూసింది. బురదలో దిగబడ్డ లారీ. గిన్నెలు పట్టుకుని వరసగా నిలబడ్డ సిపాయిలు. తీగచుట్ట మీద ముడుచుకుని పడుకున్న కుక్క. ఆ కుక్కని చూడగానే ఆవిడ మొహం విచ్చుకుంది. "ఇది మా 'మేజరు'. దీనికి మేమే ఆ హోదా ఇచ్చాం. అసలు మేజరుగారికి తెలిస్తే ఏమయ్యేదో" అంది. రికార్డులావిడ పెన్సిలుతో కార్డు మీద 'కుక్క, పేరు మేజరు' అని శ్రద్ధగా రాసుకుంది.

ఇరవయ్యో ఫొటోనో ఇరవై ఒకటోదో వచ్చేసరికి కూతురు ముందుకి వంగింది. నేలమాళిగలాంటి గది. గోడ పొడుగునా పెద్ద బోర్డు, దాని నిండా చిల్లులు, తాళ్లు. దాని ముందు ఎత్తు కుర్చీల్లో ఐదుగురు ఆడపిల్లలు, తలల మీద ఇనప పట్టీలతో చెవి ఫోన్లు. చివరి పిల్ల ఒక్కతే కెమెరా వైపు తిరిగి ఉంది. కనుబొమలు ముడిచి, ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో పిలిచినట్టు చూస్తోంది.

"అమ్మా, ఇది నువ్వేనా?"

పెద్దావిడ వెంటనే ఒప్పుకోలేదు. మిగతా నలుగుర్నీ ముందు చెప్పింది. ఇది బొద్దు, దీని జేబులో ఎప్పుడూ రొట్టెముక్క ఉండేది. ఇది నిద్రమొహంది, బాంబులు పడుతున్నా గోడకి ఆనుకుని గురకపెట్టేది, గంట మోగితే మాత్రం ఠక్కున లేచేది. ఈ ఇద్దరూ అక్కచెల్లెళ్లు, పెద్దది నాలుగేళ్ల కిందటే పోయింది. అసలు పేర్లు కూడా చెప్పింది, ఒకటి మరిచిపోయి కాసేపు వెతుక్కుని మరీ చెప్పింది. అన్నీ అయ్యాక, చివరి పిల్ల మీద వేలు పెట్టకుండా దగ్గరగా ఉంచి, "ఆ, ఇది నేనే. ఇరవై ఒకటి నాకు అప్పుడు" అంది.

కూతురు అమ్మనీ ఫొటోనీ మార్చి మార్చి చూసింది. అమ్మకి ఒకప్పుడు అంత సన్నటి మెడ ఉండేదంటే నమ్మబుద్ధి కాలేదు.

రికార్డులావిడ ఆ బోర్డు ఎలా పనిచేసేదో అడిగింది. పెద్దావిడ చెప్పింది. బోర్డు మీద ఒక్కో చోటికి ఒక్కో చిన్న రేకు మూత. అవతల ఎవరైనా ఫోను పిడి తిప్పితే ఆ మూత టప్ మని కింద పడుతుంది. తాడు తీసి అక్కడ గుచ్చి, ఎవరు కావాలో కనుక్కుని, రెండో తాడు వాళ్లకి గుచ్చాలి. అదే పని, రోజుకి పన్నెండు గంటలు. అయితే ఆ తీగలన్నీ నేల మీదా, చెట్ల మీదా పరిచినవి. గుండు పడ్డప్పుడల్లా ఎక్కడో ఒకచోట తెగేవి. తెగినప్పుడు లైనువాళ్లు ఆ తీగనే పట్టుకుని, అది ఎటు పోతే అటు పాక్కుంటూ పోయి, తెగిన చోటు దొరికించుకుని అతుకు వేసేవాళ్లు. అతుకు వేశాక, అది సరిగ్గా పడిందో లేదో చూడడానికి చేతిలోని చిన్న ఫోను ఆ తీగకి తగిలించి ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసేవాళ్లు.

"మాట వినబడితే అతుకు బాగున్నట్టు. వాళ్లు బాగున్నట్టు కూడానూ" అంది.

మంచినీళ్లు తాగి, తరవాతి ఫొటో చూపించమంది.

ఆ తరవాతవి పది పదిహేను చూశారు. అప్పుడు వచ్చింది అది. ఓ బడి ముందు మెట్లు. మెట్ల మీద పదకొండు మంది లైనువాళ్లు, భుజాలకి తీగచుట్టలు, నడుములకి తోలుసంచులు. ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు. మెట్ల పక్కన గోడకి మోకాలెత్తున అడ్డుకమ్ముల చిన్న కిటికీలు రెండు ఉన్నాయి. పెద్దావిడ వాటిని గుర్తుపట్టింది. ఆ కిటికీల వెనకే తన బోర్డు ఉండేది. ఎండ ఆ కమ్ముల్లోంచి వచ్చి మధ్యాహ్నం మూడింటికి సరిగ్గా తన కుర్చీ కాళ్ల దగ్గర పడేది.

"వీళ్లలో ఎవర్నైనా గుర్తుపడతారా అమ్మగారూ?" అని రికార్డులావిడ అడిగింది.

"ఒకర్ని గుర్తుపట్టాలి. కానీ ఎప్పుడూ చూడలేదమ్మాయ్" అంది పెద్దావిడ.

అప్పుడు చెప్పింది. కూతురు వినడం అదే మొదటిసారి.

లైను మీద పేర్లు చెప్పకూడదు, శత్రువు వింటాడు. అందుకని లైనువాళ్లకి నంబర్లుండేవి. వాళ్లలో తొమ్మిదో నంబరు మొదటిసారి అతుకు వేసి ఫోన్ చేసిన రోజు, అందరిలా 'వినబడుతోందా' అనలేదు. "ఎక్స్ఛేంజి గారూ, మీ తీగకి ప్రాణం పోశాను. ఏదీ, ఓ మాట మాట్లాడి చూడండి" అన్నాడు. బరువైన గొంతు, మాటకి ముందు చిన్న నవ్వు. ఏం మాట్లాడాలో తోచక ఆవిడ ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పింది. "బాగా వచ్చాయండీ, మళ్లీ తెగినప్పుడు ఎక్కాలు అప్పచెబుదురు గాని" అని పెట్టేశాడు. ఆవిడ తాడు పట్టుకుని ఒక్కతే నవ్వుకుంటుంటే బొద్దు పక్కనుంచి మోచేత్తో పొడిచింది.

ఆ తరవాత ఐదు నెలలు అదే వరస. తీగ తెగడం, తను బోర్డు వైపు చూస్తూ గోళ్లు కొరుక్కోవడం, మూత పడడం, ఆ నవ్వు. అర నిమిషం, మహా అయితే నిమిషం. అంతకన్నా ఎక్కువ మాట్లాడితే వెనకాల అధికారి ఉరిమి చూసేవాడు. ఆ అర నిమిషంలోనే అతను ఓసారి తను పడుకున్న గుంటలో నీళ్లెంత చల్లగా ఉన్నాయో చెప్పాడు, ఓసారి ఎక్కడో పక్షి కూస్తోందని ఫోను పైకెత్తి పట్టుకుని వినిపించాడు. ఆవిడ రెండేడులు పద్నాలుగు దాకా ఎక్కాలు నిజంగానే అప్పచెప్పింది. మనిషి ఎలా ఉంటాడో ఎప్పుడూ అడగలేదు, ఎలా అడుగుతుంది. తనే మనసులో ఓ మనిషిని తయారు చేసుకుంది. స్తంభాలెక్కేవాడు కదా, పొడుగ్గా ఉంటాడు. అంత గొంతు కదా, ఛాతీ విశాలంగా ఉంటుంది.

ఆఖరిరోజు మధ్యాహ్నం నది ఒడ్డు లైను తెగింది. అవతల రెండొందల మంది ఉన్నారు, వాళ్లని వెనక్కి రమ్మని చెప్పాలి. పెద్ద అధికారి స్వయంగా వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడి, దాని అంచు పట్టుకుని నలభై నిమిషాలు కదల్లేదు. నలభై ఒకటో నిమిషంలో మూత పడింది.

"ఎక్స్ఛేంజి గారూ, తొమ్మిది. నది లైను బాగైందండీ. ఒక్క మాట..."

"లైను వదలండి" అందావిడ.

"ఒక్క మాటేనండీ."

"తొమ్మిదీ, లైను వదలండి."

ఊపిరి ఒక్కటి వినబడింది. వదిలేశాడు. అధికారి మాట్లాడాడు, ఒడ్డున ఉన్నవాళ్లు వెనక్కి వచ్చారు. పది నిమిషాలకి లైను మళ్లీ తెగింది. మళ్లీ అతుకు వేసి ఫోన్ చేసింది వేరేవాడు. తొమ్మిది ఏడీ అని అడిగితే, ఆ సంగతులు లైను మీద అడక్కండి అన్నాడు. సాయంత్రానికల్లా ఆడపిల్లలందర్నీ లారీ ఎక్కించి వెనక్కి పంపేశారు. ఆరు రోజులకి యుద్ధం ఆగింది. ఆవిడ దళానికి రెండుసార్లు ఉత్తరం రాసింది, తొమ్మిదో నంబరు మనిషి ఎలా ఉన్నాడని. బంధువులకి తప్ప ఇతరులకి సమాచారం ఇవ్వబడదని అచ్చు కాగితం వచ్చింది. అతని పేరే తెలియనిది, నేను ఫలానా బంధువునని అబద్ధం ఆడడానికి కూడా వీల్లేకపోయింది.

తను చేసిందాంట్లో తప్పులేదని ఆవిడకి తెలుసు. ఆ పరిస్థితిలో ఎవరున్నా అదే చేస్తారు, మళ్లీ తనే ఉన్నా అదే చేస్తుంది. తెలిసినా యాభై ఎనిమిదేళ్లు ఆ ఊపిరి ఆవిడ చెవిలోనే ఉండిపోయింది. ఒక మనిషి ఆఖరి మాటని తాను మధ్యలో తుంచేసిందా, లేదా అన్నది తేలలేదు. గిన్నెలు తోముతున్నప్పుడు, పిల్లల జాబితాలు రాస్తున్నప్పుడు, ఏ పనిలో ఉన్నా ఉన్నట్టుండి అడుగునుంచి తేలి పైకొచ్చేది. ఏమిటా మాట?

రికార్డులావిడ పెన్సిలు కింద పెట్టేసింది.

"వీడై ఉంటాడు" అని పెద్దావిడ వేలు చూపించింది. నిచ్చెన పట్టుకున్నవాడు, అందరికన్నా పొడుగు, విశాలమైన ఛాతీ. చెప్పిందే గానీ ఆవిడ గొంతులో నమ్మకం లేదు. ఆ మొహాన్ని చూస్తూ ఆ మాటలు పలికించి చూసుకుంటోంది. 'మీ తీగకి ప్రాణం పోశాను.' కుదరడం లేదు. పక్కవాడి మొహానికి పెట్టి చూసింది, ఆ పక్కవాడికి పెట్టి చూసింది. ఎవరి నోట్లోనూ ఆ మాటలు ఇమడడం లేదు.

కూతురు సంచీ వెతికి, దుకాణంలో అద్దాల మీది గీతలు చూడడానికి వాడే చిన్న గుండ్రటి భూతద్దం తీసి అమ్మ చేతిలో పెట్టింది. పెద్దావిడ మళ్లీ ఎడమ చివర మొదలుపెట్టింది. ఈసారి మొహాలు కాదు, చేతులు, సంచులు, నడుము పట్టీలు. పై మెట్లు అయ్యాయి. కింది మెట్టు మీద ఒకే ఒకడు కూర్చుని ఉన్నాడు. పొట్టివాడు, చెవులు డొప్పల్లా ఉన్నాయి. ఒక కాలు ముందుకి చాపి పెట్టుకున్నాడు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే అతను మాత్రం పక్కకి, కిందికి, గోడ వైపు చూస్తున్నాడు. మొదటిసారి ఆవిడ అతన్ని పట్టించుకోనే లేదు.

చాపిన కాలి మీదికి భూతద్దం వచ్చి ఆగింది. బూటుకి లేసు లేదు. నల్లటి తీగ ముక్క అల్లి ఉంది, రెండు కొసలూ పిల్లి మీసాల్లా పైకి లేచి ఉన్నాయి.

భూతద్దం తెల్లగుడ్డ మీద పడింది.

"లేసు తెగిందన్నాడే. మీ తీగే కట్టుకున్నానండీ, ఇప్పుడు నా కాళ్లు కూడా మీ ఎక్స్ఛేంజీకే కలిసి ఉన్నాయి అన్నాడు" అంది కూతురితో. అని, ఆ డొప్పచెవుల మనిషిని చూస్తూ, "ఇంత పొట్టివాడా" అంది. నవ్వబోయింది గానీ కళ్లు నిండిపోయాయి.

రికార్డులావిడ ఫొటోని రెండు చేతుల్తో మెల్లిగా తిరగేసింది. వెనక పెన్సిలుతో 'లైను దళం, బడి మెట్లు' అని, కింద తేదీ. ఆ తేదీ చూసి పెద్దావిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. యుద్ధం ఆగిన పదిహేను రోజులకి తీసిన ఫొటో అది.

"బతికే ఉన్నాడు" అంది. ఎవరితోనో కాదు, తనలో తనే. "బతికే ఉన్నాడమ్మాయ్."

బతికి ఉన్నాడని తెలిశాక ఊరుకోవడం ఎలా. రికార్డులావిడ లేచి బీరువాలో కార్డులు వెతికింది. అదే లైను దళంలో పనిచేసిన ఒకాయన రెండేళ్ల కిందట తన సర్వీసు కాగితాలు ఈ ఆఫీసుకి దాచిపెట్టమని ఇచ్చి వెళ్లాడట. వేరే ఊళ్లో ఉంటాడు, మోకాళ్ల నొప్పులు, ఇప్పుడు ప్రయాణాలు చెయ్యలేడు, ఈ ఫొటోలు చూడలేదు. ఆయన నంబరు ఉంది. చేసి చూడమంటారా అని అడిగింది. పెద్దావిడ తల ఊపింది.

రికార్డులావిడే ఫోన్ చేసి, సంగతంతా నెమ్మదిగా చెప్పింది. ఫొటోలో నిచ్చెన పట్టుకున్న పొడుగాయన ఆ మాట్లాడుతున్నవాడే అని అప్పుడు తేలింది. ఆయన్ని అందరూ నిచ్చెన అనే పిలిచేవాళ్లట, చేతిలో ఉన్నా లేకపోయినా. ఆ తరవాత రిసీవరు పెద్దావిడ చేతికొచ్చింది. నిచ్చెన గొంతు ముసలిదైపోయి గరగరలాడుతోంది. ఆ గొంతు తను ఎదురుచూస్తున్నది కాదు. అయినా రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకుంది.

"కింది మెట్టు మీద, కాలు చాపుకుని, బూటుకి తీగ కట్టుకున్నతను" అని అడిగింది.

"పిచ్చుకండీ వాడు. మా పిచ్చుక. ఎప్పుడు చూసినా తీగ మీదే ఉండేవాడని ఆ పేరు పెట్టాం."

"నంబరు తొమ్మిదేనా?"

"మీరు ఎక్స్ఛేంజి గారా?" అన్నాడు నిచ్చెన. ఆవిడ అవునంది. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

నిచ్చెన చెప్పాడు. నది లైను అతికిన రోజు పిచ్చుక పక్కనే గుండు పేలి తొడలో ఇనపముక్క దిగింది. పొద్దు వాలేదాకా గుంటలో పడి ఉన్నాడు. తనే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచారు. వచ్చీ రాగానే చేసిన మొదటి పని, బండి మీ బడి దగ్గర ఆపమని డ్రైవర్ని పోరడం. లోపలికి కుంటుకుంటూ వెళ్లి చూస్తే ఏముంది, బోర్డు ఊడదీసి తీసుకుపోయారు, గోడకి చిల్లులు మిగిలాయి. ఫొటోలాయన మెట్ల మీద నిలబడండ్రా అంటే అందరూ నిలబడ్డారు, వాడు మాత్రం ఆ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ రోజు ఒక్క మాట అన్నాడండీ నాతో. నేను వినలేదు. ఏమిటో మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా, రెండు రోజులు మమ్మల్ని కూర్చోబెట్టి అప్పచెప్పుకున్నాడుగా, ఇలా అంటే బాగుంటుందా, అలా అంటే బాగుంటుందా అని. మర్నాడు పొద్దున్న పదింటికి మా బండి మీ బడి ముందు నుంచి పోతుంది. మీరు ఓసారి కిటికీ దగ్గరికి వస్తే, బండి మీద నిలబడి టోపీ ఊపుతానని. అంతేనమ్మా. నేను పొట్టిగా ఉంటాను, నిరాశపడకండి అని కూడా చెప్పాలనుకున్నాడు. అది వద్దురా, ముందే ఎందుకు చెప్పడం అని మేమే మాన్పించాం."

పెద్దావిడ పెదవి పంటితో నొక్కిపట్టింది. మర్నాడు పదింటికి తను ఎక్కడుంది? అరవై మైళ్ల అవతల, లారీలో, బొద్దు ఒళ్లో తలపెట్టుకుని ఉంది. లైను వదలండి అనకుండా ఆ మాట విన్నా కూడా ఆ కిటికీ దగ్గర తను ఉండేది కాదు. ఈ సంగతి ఆవిడకి ఓదార్పూ అయింది, మరో రకం దిగులూ అయింది.

యుద్ధం తరవాత పిచ్చుక టెలిఫోన్ శాఖలోనే చేరాడట. పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు కూతుళ్లు, ఇల్లాలు మంచిది. ఎనిమిదేళ్ల కిందట గుండె ఆగి పోయాడు, పెద్దగా బాధపడలేదు. అయితే ఒక అలవాటు మాత్రం వాడికి చాలా ఏళ్లు పోలేదని నిచ్చెన చెప్పాడు. ఏ ఊరికి ఫోన్ చేయాలన్నా ముందు ఆపరేటరుతో రెండు మాటలు మాట్లాడేవాడు. వాతావరణం ఎలా ఉందనో, లైను బాగా వినబడుతోందా అనో. ఎవరైనా ఎక్కాలు తెలుసాండీ అని అడుగుతారా ఆపరేటర్ని? వాడు అడిగేవాడు. తిట్లు కూడా తిన్నాడు.

ఆవిడకి తన సంగతి గుర్తొచ్చింది. యుద్ధం నుంచి వచ్చాక వాళ్ల ఊరి టెలిఫోన్ ఆఫీసువాళ్లు మూడుసార్లు ఇంటికి కబురు చేశారు, అనుభవం ఉన్న పిల్ల, వచ్చి చేరమని. ఆవిడ వెళ్లలేదు. ఇంకోసారి ఎవరితోనూ లైను వదలండి అనే పరిస్థితి రాకూడదని బడి గుమాస్తాగిరీలో చేరింది. అతను తీగల వెంబడి వెతుకుతున్నన్నాళ్లూ తను తీగకి దూరంగా, సిరాబుడ్డి ముందు కూర్చుని ఉంది.

ఆఫీసు మూసే వేళయింది. రికార్డులావిడ ఫొటోకి నకలు తీసి కవరులో పెట్టి ఇచ్చింది. కింద గేటు పక్కన బెంచీ మీద కూర్చుని తల్లీకూతుళ్లు బస్సు కోసం చూస్తున్నారు. కూతురు అడిగింది.

"నాన్నకి తెలుసా అమ్మా?"

"పెళ్లికి ముందే చెప్పాను. అంతా విని, ఆ గొంతు అంత బాగుండేదా అని అడిగారు. బాగుండేదన్నాను. అయితే నేను స్నానాల గదిలో పాటలు మానేస్తాలే అన్నారు."

"మానలేదుగా."

"ఒక్కరోజు కూడా మానలేదు" అంది పెద్దావిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. పోయిన మనిషిని తలుచుకుని కూతురు అమ్మ చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక ఓ వారం పెద్దావిడకి మనసు మనసులో లేదు. ఫొటోలో ఆ డొప్పచెవుల మొహాన్ని ఎంతసేపు చూసినా, దానికీ ఆ గొంతుకీ పొత్తు కుదరలేదు. ఇన్నేళ్లూ తను తలుచుకున్న పొడుగాటి మనిషి ఎటో వెళ్లిపోయాడు, ఈ పొట్టిమనిషి ఇంకా కొత్తగానే ఉన్నాడు. ఇద్దరి మధ్యా గొంతు ఎక్కడ తప్పిపోతుందోనని భయం వేసింది. పొద్దున్నే లేచి, ఇంకా ఉందా అని చెవిలో వెతుక్కునేది.

ఆదివారం నిచ్చెన ఫోన్ చేశాడు. ఊరికే, ఎలా ఉన్నారో కనుక్కుందామని. ఆ మరుసటి ఆదివారం మళ్లీ చేశాడు. అది వాళ్లకి అలవాటైపోయింది. నిచ్చెన పిచ్చుక నడక గురించి చెప్పేవాడు, తొందరతొందరగా, పక్కకి ఒరిగి నడిచేవాడని. కోపం వస్తే చెవులు ఎర్రబడేవని చెప్పేవాడు. భోజనం దగ్గర తన రొట్టె కుక్క మేజరుకి సగం పెట్టి, మిగతా సగం కోసం మా వెంటపడేవాడని చెప్పేవాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే అందుకుని, ఆ మొహానికి చేర్చుకునేది.

నాలుగో ఆదివారం నిచ్చెన కాసేపు మాటాడి ఆగిపోయాడు.

"ఓ సంగతి చెబితే ఏమనుకోరు కదా అమ్మా. వాడి మొహం నాకు కళ్లకి కట్టినట్టుంది. గొంతు మాత్రం జ్ఞాపకం రావడం లేదు. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. యాభై ఏళ్ల స్నేహం, చూడండి. మీతో ఏం మాట్లాడేవాడు? కాస్త వాడిలాగే చెప్పరూ."

పెద్దావిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. వంటింట్లో కూతురు కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఓ రోజు చెట్టెక్కి ఫోన్ చేశాడండీ" అని మొదలుపెట్టింది పెద్దావిడ. "పొద్దున్న తొమ్మిదయి ఉంటుంది. మాటకి ముందు అలా చిన్నగా నవ్వేవాడు కదా, నవ్వి, ఎక్స్ఛేంజి గారూ, ఇక్కణ్ణుంచి నదంతా కనబడుతోందండీ అన్నాడు..."